అత్తగారి కల్లు సీసా

సమస్య: అశోక్‌నగర్‌లో అద్దెకుంటూ గ్రూప్స్‌కి చదువుతున్న ఒకావిడ రాశారు. ఇప్పుడు మూడో నెల. అత్తగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా పెద్ద సీసా నిండా ఈతకల్లు తెస్తారు. ‘‘వేడి చేసింది బిడ్డా, జర తాగు. మేం తాగి కనలేదా?’’ అంటారట. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. నారాయణగూడలో ఉద్యోగం చేసే భర్త ‘‘ఒక్క గ్లాసేగా’’ అని తప్పుకుంటాడు. నెల తప్పిందని తెలియకముందు ఓ ఫంక్షన్‌లో వైన్ కూడా తాగిందట. చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకం తెరిచినా అదే దిగులు.

సలహా: ఆ వైన్ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పేస్తే సగం బెంగ తీరుతుంది. ఎప్పుడు మానేసినా బిడ్డకు మేలే.

ఇక కల్లు. సీసా మూత తిప్పగానే బుస్సున నురగ పొంగుతుందే, అదే సాక్ష్యం. కల్లులోని చక్కెర పులిసి గ్యాసుగా, ఆల్కహాల్‌గా మారిందన్నమాట. ఆ ఆల్కహాల్ తల్లి రక్తంలోంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని తట్టుకునే కాలేయం బిడ్డకింకా తయారవదు. తాగిన తల్లులకు పుట్టిన కొందరు పిల్లల్లో పలచని పైపెదవి, చిన్న కళ్లు, ఎదుగుదల లోపం గమనించిన సియాటిల్ డాక్టర్లు కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ 1973లో దానికి ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ముఖంలో ఏమీ కనిపించకుండా, బడికెళ్లాక చదువులోనో ఏకాగ్రతలోనో బయటపడే పిల్లలూ ఉన్నారు. అందరికీ ఇలా కాదు, అత్తగారి మాట అంతవరకు నిజమే. కానీ ఎవరికవుతుందో ముందుగా చెప్పలేరు, ఇంతవరకు తాగితే పర్లేదనే కొలతా లేదు.

నగరంలో దొరికే కల్లుతో ఇంకో చిక్కు. అందులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కేసులు ఎన్నో. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయాయి. అలాంటిది రోజూ తాగే అలవాటున్న గర్భిణి మాత్రం సొంతంగా ఒక్కసారిగా మానకూడదు, ఫిట్స్ రావచ్చు. ఆసుపత్రిలో చెప్పి డాక్టర్ల కనుసన్నల్లో మానాలి. వ్యసనాలకు సాయం చేసే ఉచిత నంబరు 14446.

అత్తగారితో వాదన పెట్టుకోనక్కర్లేదు. వచ్చే చెకప్‌కి ఆమెనే వెంట తీసుకెళ్లడం మంచిది. కోడలు పదిసార్లు చెప్పినా వినని మాట డాక్టరమ్మ ఒక్కసారి చెబితే వింటారు. వేడికైతే మజ్జిగ, కొబ్బరినీళ్లు ఉండనే ఉన్నాయి. అయితే సీసా తేవద్దని తల్లికి ఫోన్ చేయాల్సింది మాత్రం ఆ కొడుకే, అదీ ఆమె ఊళ్లో బస్సెక్కక ముందే.