దుర్లభమైన డాలు: ఒక సంభావ్యతా పాఠము



సంభావ్యత యను గణితప్రకరణమును బోధించునపుడు మేము నాణెమును, పాచికను ఉదాహరణములుగా గైకొనుట వాడుక. ఈ యేడు మా తరగతిలోని బాలుడొకడు వేఱొక యుదాహరణమును దెచ్చెను. అతడు ఒక కంప్యూటరు క్రీడయందలి డాలుకై పెక్కు రాత్రులు నిద్ర మాని, అది దొరకక, "మేష్టారూ, ఇన్ని మారులు రాలేదు గదా, ఇక రాక తప్పదు గదా?" యని మమ్ము నడిగెను. ఆ ప్రశ్నకు ఉత్తరమే యీ వ్యాసము.

ఆ క్రీడ పేరు ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన జాగెక్స్ సంస్థ దీనిని 2013 ఫిబ్రవరిలో ప్రారంభించెను. వేలకొలది జనులు ఇంటర్నెట్టు ద్వారా ఒకే కల్పితలోకమున సంచరించుచు దీని నాడుదురు. అందలి మిగుల దుర్లభమైన డాళ్లలో ఎలీషియన్ స్పిరిట్ షీల్డు ఒకటి. కార్పోరియల్ బీస్ట్ అను ఘోరమృగమును గూల్చినపుడు ఎప్పుడో యొకమారు ఒక ముద్రిక లభించును. దానిని తగిన డాలునకు అతికించినచో ఎలీషియన్ డాలు సిద్ధమగును.

దీని గుణమును లెక్కింతము. శత్రువుయొక్క ప్రతి దెబ్బకును, నూటికి 70 వంతుల సంభావ్యతతో, ఇది దెబ్బలో నాలుగవ వంతును తగ్గించును. 40 బలము గల దెబ్బలు పది తగిలెననుకొందము. సగటున ఏడు దెబ్బలు 30 చొప్పున 210, మూడు దెబ్బలు 40 చొప్పున 120, వెరసి 330. డాలు లేనిచో 400. కావున సగటు లాభము నూటికి పదునేడున్నర.

ఇక ముద్రిక మాట. మృగమును గూల్చిన ప్రతిమారును అది లభించు సంభావ్యత 4095లో 1. కావున 4095 మారులు గూల్చినచో అది తప్పక లభించునని మా బాలుడు తలచెను. మొదట పాచికను చూడుడు. ఆరు పడు సంభావ్యత 6లో 1. అయినను ఆరు మారులు వేసినపుడు ఒక్క ఆరైనను పడకుండుట నూటికి సుమారు 33 పర్యాయములు సంభవించును. అట్లే నూర్గురు ఆటగాండ్రు ఒక్కొక్కరు 4095 మారులు ఆ మృగమును గూల్చినను, సగటున సుమారు 37 మందికి ముద్రిక దొరకదు. వారు మరల పోరునపుడును సంభావ్యత 4095లో 1 మాత్రమే. గడచిన ప్రయత్నములు రాబోవు ప్రయత్నమునకు ఇసుమంతయు తోడ్పడవు.

విద్యాభ్యాసమట్టిది కాదు. నిన్న నేర్చిన సూత్రము నేటి లెక్కకు తోడ్పడును. అదృష్టక్రీడలో మాత్రము పడిన శ్రమ మనకు అప్పుగా నిలిచియుండదు. లాటరీలయందును పందెములయందును ధనము పోగొట్టుకొనువారు పలువురు "ఇంత పోయినది, ఇక వచ్చి తీరును" అను నీ భ్రమచేతనే చెడుచున్నారు.

మేమా బాలుని మందలింపక, చేతికి సుద్దముక్క నిచ్చి లెక్క చేయించితిమి. అతడిప్పటికిని ఆడుచున్నాడు, కాని శనివారము ఒక గంట మాత్రమే. తల్లిదండ్రులు కోపింపకమునుపు తమ బిడ్డలచేత ఈ లెక్క చేయింతురుగాక.

అభ్యాసము: అదే మృగమువలన లభించు వేఱు రెండు ముద్రికలకు సంభావ్యత ఒక్కొక్కదానికి 1365లో 1. ఒక్కమారు గూల్చినపుడు మూడింటిలో ఏదో యొకటి లభించు సంభావ్యత యెంత? (జవాబు: 585లో 1.)