ఒకరా? ఇద్దరా?

ఒక జిల్లాలో క్షయరోగులు ఎందరని అడిగితే, రోగుల పట్టికలోని పేర్లు లెక్కించి చెప్పవచ్చునని తోస్తుంది. కాని పట్టికలో ఉండేవి నమోదులు, మనుషులు కారు. ఒకే మనిషి రెండు నమోదులుగా కనిపించవచ్చు. ఇద్దరు మనుషులు ఒకే నమోదులో కలిసిపోవచ్చు. ఈ చిక్కును విడదీసే శాస్త్రమే నమోదుల అనుసంధానం.

మన దేశంలో క్షయరోగుల వివరాల కోసం 2012లో 'నిక్షయ్' అనే కంప్యూటర్ వ్యవస్థ ఏర్పడింది. ప్రైవేటు వైద్యులు సైతం తాము గుర్తించిన ప్రతి క్షయరోగిని గురించి ప్రభుత్వానికి తెలియజేయాలన్న ఉత్తర్వు ఆ సంవత్సరమే వెలువడింది. క్షయ చికిత్స సాధారణంగా ఆరు నెలలు సాగుతుంది. ఇంతలో రోగి పట్టణంలోని ఆసుపత్రిని విడిచి స్వగ్రామంలోని ఆరోగ్య కేంద్రానికి చేరవచ్చు. అక్కడ పాత వివరాలు వెదకకుండా కొత్తగా నమోదు చేస్తే లెక్కలో రోగులు ఇద్దరవుతారు. వారిలో ఒకరు చికిత్స మధ్యలో మానినట్లు కనిపిస్తారు.

ఈ సమస్య కొత్తది కాదు. ప్రతి మనిషికీ జననంతో మొదలై మరణంతో ముగిసే ఒక జీవిత గ్రంథం ఉంటుందనీ, చెదిరిన దాని పుటలను ఒక సంపుటంగా కూర్చడమే అనుసంధానమనీ 1946లో అమెరికా గణాంక నిపుణుడు హాల్బర్ట్ డన్ వివరించాడు. ఈ పనిని కంప్యూటర్ చేయగలదని 1959లో కెనడాలో హోవర్డ్ న్యూకోంబ్ బృందం చూపింది. 1969లో ఫెలెగి, సంటర్ దీనికి గణిత సిద్ధాంతం సమకూర్చారు.

పేర్లను పోల్చడం తేలిక కాదు. 'లక్ష్మి'ని ఆంగ్ల లిపిలో పలు విధాల రాస్తారు. అందుకు 1918లో పేటెంటు పొందిన 'సౌండెక్స్' పద్ధతి కొంత ఉపకరిస్తుంది. అది మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను విడిచి, తరువాతి హల్లులను అంకెలుగా మారుస్తుంది. అప్పుడు 'లక్ష్మి' రూపాలు చాలావరకు ఒకే సంకేతమవుతాయి. అయితే రాము, రాణి కూడా ఒకే సంకేతమవుతారు! ఎర్రయ్యను ఒకరు 'ఇ'తో, మరొకరు 'వై'తో మొదలుపెట్టి రాస్తే ఒకే మనిషి రెండు సంకేతాలవుతాడు.

అందుచేత పేరుతోపాటు వయస్సు, ఊరు, ఫోను సంఖ్య కూడా పరిశీలించి, ప్రతి పోలికకూ తగిన విలువ కడతారు. అరుదైన ఇంటిపేరు కలిస్తే విలువ ఎక్కువ. అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ. పుట్టిన తేదీ తెలియనివారికి జనవరి 1 అని రాసే అలవాటున్నచోట, ఆ తేదీ కలిసినా సాక్ష్యం బలహీనమే. మొత్తం విలువ మిక్కిలి ఎక్కువైతే ఒకే వ్యక్తి. మిక్కిలి తక్కువైతే వేర్వేరు వ్యక్తులు. నడుమ ఉన్నవాటిని మనిషి పరిశీలించాలి.

ఈ పరిశీలన ఎంతో అవసరం. క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది గనుక ఒకే ఇంట ఇద్దరికి రావడం సహజం. రామయ్య, లక్ష్మయ్య అనే కవలలను ఊహించండి. ఇంటిపేరు, ఊరు, ఫోను, పుట్టిన తేదీ అన్నీ ఒకటే. యంత్రం వారిని ఒక్కరిగా భావిస్తే, ఒకరి మందుల చరిత్ర మరొకరికి అంటుతుంది. రోగులకు 2018 నుండి బ్యాంకు ఖాతాలో జమ అవుతున్న పోషకాహార సహాయం ఒకరికి అందకుండా పోవచ్చు. రెండుగా లెక్కించడం గణాంకాలను చెరుపుతుంది. తప్పుగా కలపడం మనిషినే చెరుపుతుంది.

కనుక సందేహం కలిగినప్పుడు యంత్రం చెప్పినదానితో తృప్తిపడక, ఆ ఇంటికి వెళ్లి అడగాలి. పట్టికలోని ప్రతి వరుస వెనుక శ్వాసించే ఒక మనిషి ఉన్నాడని మరువకపోవడమే ఈ శాస్త్రానికి ప్రథమ సూత్రం.

ప్రశ్నలు
1. అరుదైన పేరు కలిసినప్పుడు విలువ ఎక్కువ ఎందుకు?
2. నమోదులను తప్పుగా కలపడంవల్ల కలిగే అనర్థాలను వివరించండి.