పాత కారులో కొత్త స్టీరియో

పాత కారు స్పీకరును విప్పి చూస్తే కొన్నిటికి ఒకే తీగ కనబడుతుంది. వలయం పూర్తి కావడానికి రెండు దారులుండాలి గదా! రెండవ దారి కారు ఇనుప రేకే. బ్యాటరీ ఋణధ్రువాన్ని కలిపిన ఆ రేకుకే స్పీకరు రెండవ కొసనూ బిగించేవారు. తీగ ఆదా అయ్యేది.

కొత్త స్టీరియోకు ఈ ఏర్పాటు పనికిరాదు. ఎందుకో చూద్దాం.

బ్యాటరీ 12 వోల్టులది. స్పీకరు నిరోధం 4 ఓములనుకోండి. పాత పద్ధతిలో యాంప్లిఫయరు ఒక కొసనే ఊపుతుంది. కనుక స్పీకరుకు అటు 6, ఇటు 6 వోల్టులే అందుతాయి. ఆ 6 శిఖర విలువ. దాని వర్గం 36, అందులో సగం 18, నాలుగుతో భాగిస్తే 4.5 వాట్లు. కొత్త సెట్టు ఒక కొస పైకి పోతుంటే రెండవదాన్ని కిందికి లాగుతుంది. శిఖరం 12 వోల్టులవుతుంది. ఇప్పుడు లెక్క కట్టండి: 18 వాట్లు! వోల్టులు రెట్టింపైతే సామర్థ్యం నాలుగు రెట్లు. ఇంజను నడుస్తూ 14.4 వోల్టులున్నా 26 వాట్లకు మించదు. సాధారణ సెట్ల పెట్టెమీద 50 అని అచ్చువేస్తారు, అది వ్యాపారం.

ఇక్కడే చిక్కు. పాట లేనప్పుడు కూడా ఆ రెండు కొసలూ సుమారు 6 వోల్టుల వద్ద ఉంటాయి. రేకు సున్నా. ఒక కొస రేకుకు తగిలితే అడ్డుకునే నిరోధమే ఉండదు. లోపలి ట్రాన్సిస్టర్ల గుండా ప్రవాహం ఉరుకుతుంది. రక్షణ వలయం ఉంటే సెట్టు మూగబోతుంది, లేకుంటే కాలిపోతుంది. ఫ్యూజును నమ్ముకోరాదు. అది కరిగేలోగా ట్రాన్సిస్టరు పని అయిపోవచ్చు.

కాబట్టి ప్రతి స్పీకరుకూ రెండు తీగలు విడిగా లాగాలి. ముందు పెద్దలచేత బ్యాటరీ ఋణకొస విప్పించండి. స్టీరియోకు కలపకముందే ఒక్కొక్క తీగకూ రేకుకూ మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో చూడండి. సున్నా దగ్గర చూపిస్తే, ఆ తీగ ఎక్కడో రేకును తాకుతున్నదన్నమాట.