బందరునకు బోవు మన బాట

విద్యార్థులారా! భవానిపేటలో మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన మీకు సముద్రము చాల దూరపు వస్తువు. అయినను మన హైదరాబాదు రోడ్డును విడువక తూర్పునకు సాగినచో, అది మిమ్ము బందరునకు, అనగా మచిలీపట్టణపు తీరమునకు, జేర్చును. పూనా మొదలు బందరు వరకు సుమారు 840 కిలోమీటర్లు గల యీ రహదారి సంఖ్య పూర్వము 9. 2010లో దానిని 65గా మార్చిరి. తూర్పు పడమరలుగా పోవువానికి బేసి సంఖ్య, ఉత్తర దక్షిణములుగా పోవువానికి సరి సంఖ్య యని క్రొత్త నియమము. తుల్జాపురము నుండి మన పట్టణము మీదుగా బిజాపురమునకు బోవు 52వ రహదారిని జూచి మీరే సరిచూచుకొనుడు.

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఇది ఇరుకు బాట. బస్సు ప్రతి యూర నాగుచుండెను. నళదుర్గమున కోటగోడలు కనబడెడివి. బోరీ నది యానకట్ట కడుపులోనే గదులు గట్టిన ఆదిల్‌షాహీల నీటి మహలును గూర్చి తోటి ప్రయాణికులే మాకు జెప్పిరి. ఉమర్గా దాటువరకు నల్లరేగడి నేల, మరాఠీ పలకలు. హుమ్నాబాదున కన్నడము, అది మన లిపికి తోబుట్టువు గనుక కన్నడము రాని మేమును కూడబలుకుకొని చదివెడివారము. జహీరాబాదు కడ నేల యెఱ్ఱబడును, పలకలపై తెలుగు మొదలగును. అప్పుడు మాకు గలిగిన యూరట ఇంతింత గాదు. సంగారెడ్డి దాటినచో గ్రానైటు గుండ్లు. ఏ పాఠ్యపుస్తకమును మాకు భూగోళము నంత బాగుగ నేర్పలేదు.

హైదరాబాదున కావలి భాగము మఱింత పాతది. 17వ శతాబ్దమున గోలకొండ వర్తకులు మచిలీపట్టణపు రేవునకు నడచిన త్రోవ ఇంచుమించు ఇదియే. 1611లో ఆంగ్లేయులచ్చట కోఠీ పెట్టుటకు ముఖ్యకారణము ఆ తీరపు నేతబట్టలే! ఇబ్రహీంపట్నము దాటిన పిమ్మట పాత బాట కృష్ణ యొడ్డుననే సాగి విజయవాడ బ్రవేశించును. అచ్చటి పేట పేరేమనుకొంటిరి? భవానీపురము. పిదప ఉయ్యూరు, పామర్రు, వరిచేలు, బందరు.

ఇప్పుడది నాలుగు వరుసల దారియైనది. సూర్యాపేట, కోదాడ, నందిగామలను ప్రక్కనుంచి తప్పించుకొని పోవును. ఎదురుబండ్ల దీపములకు జడియుచు ఇరుకు బాటపై రాత్రులు గడపిన మేము దీనిని నిందింపజాలము. ప్రాణముల కంటె కోటగోడలు గొప్పవి కావు. సూరతు నుండి మన ప్రాంతము మీదుగా చెన్నపురికి మఱియొక వేగరహదారిని గూడ తలపెట్టిరి. అట్టి దారులలో నియమిత ద్వారముల కడ దప్ప ఎక్కుటయు దిగుటయు నుండదు.

మా చింత వేఱు. సొంతయూరి త్రోవలోని యూళ్ల పేర్లు వ్రాయుమని తరగతిలో నడిగితిమి. పెక్కురు సోలాపురము, హైదరాబాదు అని రెండే వ్రాసిరి. రాత్రి బస్సెక్కి నిదురించి తెల్లవారి లేచువారికి నడుమ నేమున్నదో యెట్లు తెలియును?

తల్లిదండ్రులకు మా మనవి: వచ్చు దసరాకు పగటి బస్సున వెళ్లుడు. పిల్లలు నిదురించినచో జహీరాబాదు కడ లేపుడు. మొదటి తెలుగు పలకపై నేమున్నదో వ్రాసి తెచ్చినవారి కాగితములను తరగతి గోడకు దగిలింతుము.