కమాను మొదలు ఎలగందల దాకా: కాలినడకన ఒక చరిత్ర పాఠం

గోల్కొండను గూర్చి, ఓరుగల్లును గూర్చి పాఠ్యగ్రంథాలలో పుటలకు పుటలు చదివి పరీక్షలు వ్రాసిన మన విద్యార్థులలో పలువురు, కరీంనగరానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోనున్న ఎలగందల కోటను ఒక్కసారియైనా చూచి ఉండరు. చూచినవారు సయితం సెలవునాడు మిత్రబృందంతో పోయి, కొండెక్కి, ఫలహారాలు ముగించుకొని, ఏదో ఒక గోడమీద బొగ్గుతో తమ పేరు వ్రాసి దిగివచ్చినవారే. ఆ గోడను చదవటానికి కొంత అభ్యాసం కావలెనని వారికి ఎవరూ చెప్పలేదు. ఆ అభ్యాసానికి ఉపకరించే కొన్ని విషయాలను యీ వ్యాసంలో చెప్పదలచాను.

నేను చరిత్ర అధ్యాపకుణ్ణి కాను, తెలుగు బోధించేవాణ్ణి. అందుచేత రాళ్లకంటె ముందు మాటలు నా కంట పడతాయి. ఇది లోపమని నేననుకోను. మన జిల్లాలో కట్టడానికీ మాటకూ ఉన్న చుట్టరికం చాల దగ్గరిది.

నడక కరీంనగరు పట్టణంలోని కమాన్ చౌరస్తానుండి మొదలుపెట్టవలె. ఫారసీలో 'కమాన్' అంటే విల్లు. విల్లువలె వంచి కట్టినది గనుక ద్వారానికి ఆ పేరు వచ్చింది. దినమూ ఆ కూడలిలో ఆటో దిగి కళాశాలకు వచ్చే విద్యార్థికి కమాను ఒక స్టాపు పేరు మాత్రమే. కాని కట్టడాల చరిత్రలో అది ఒక పెద్ద మలుపు. రెండు స్తంభాలమీద అడ్డంగా ఒక రాతిదూలం వేసినట్లయితే పైబరువంతా ఆ ఒక్క దూలమే మోయవలె. నడుమ విరిగే ప్రమాదం ఉన్నది కనుక స్తంభాలు దగ్గరదగ్గరగా నిలపక తప్పదు. కమానులో అట్లా కాదు. చిన్న రాళ్లూ ఇటుకలూ ఒకదానినొకటి అదుముకొంటూ బరువును ఇరుప్రక్కల గోడలలోకి దించుతవి. అందువల్ల విశాలమైన దారి విడిచిపెట్టి కట్టటం సాధ్యమైంది. ఈ తేడాను కన్నులారా చూడగోరేవారు వేరొకనాడు నగునూరు వెళ్లవలె. కాకతీయుల కాలపు ఆలయ శిథిలాలు అక్కడ గలవు. అవి స్తంభమూ దూలమూ రాజ్యమేలిన నిర్మాణాలు. ఆ స్తంభాల నునుపు చూచినవారు, దూలంతో కట్టినది కమానుకంటె తక్కువ స్థాయి కళ అని ఎన్నటికీ అనలేరు.

కమాను నుండి బజారు గుండా టవర్ సర్కిల్ చేరుకోవచ్చును. 'గడియారం' అన్న మాటలో సంస్కృత 'ఘటికా' శబ్దమున్నది. గడియ అంటే 24 నిమిషాల కాలం. ఆ గడియారమున్న కట్టడాన్ని మాత్రం అందరూ ఇంగ్లీషులో 'టవర్' అంటారు. ఊరి నడుమ గడియారం నిలబెట్టటం కచేరీలు, బడులు, బజారు ఒకే వేళను అనుసరించవలసిన కాలపు అలవాటు. కోటలో నౌబత్తు మ్రోగితే సరిపోయిన కాలం వేరు. అందుచేత టవరు దగ్గర నిలబడి ఒక ప్రశ్న వేసుకోవలె: కచేరీలన్నీ ఇక్కడికి ఎప్పుడు వచ్చినవి? అంతకుముందు ఎక్కడ ఉండినవి?

ఆ ప్రశ్నకు సమాధానమే ఎలగందల. కుతుబ్‌షాహీల పిమ్మట, 1687లో గోల్కొండ మొగలుల వశమైన పిదప ఎలగందల ఒక సర్కారుకు కేంద్రంగా ఉండినది. మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ చేసినపుడు కూడ జిల్లా పేరు ఎలగందలే. 1905లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు ఆ పేరు పోయి కరీంనగరు అయింది. అప్పుడే చెన్నూరు, లక్సెట్టిపేట తాలూకాలు ఇక్కడినుండి విడివడి ఆదిలాబాదు జిల్లాలో కలిసినవి. కనుక ఆదిలాబాదు ప్రాంతం నుండి వచ్చి చదివే మన విద్యార్థులలో కొందరి తాతముత్తాతలు ఎలగందల జిల్లా రయితులే! కొండమీది కోట ఫిరంగులకు పనికివచ్చినంత కాలం పాలన అక్కడ సాగింది. కాగితాలతో, బండ్లబాటలతో పాలన సాగే కాలానికి మైదానంలోని ఊరు అనుకూలమైంది. ఇది నా ఊహ. దోషమున్నచో చరిత్ర విభాగంవారు సవరింతురు గాక.

కరీంనగరు పేరును గూర్చి రెండు మాటలు వినవస్తున్నవి. ఎలగందల ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరుమీదుగా ఏర్పడినదని ఎక్కువగా చెప్పబడే మాట. సయ్యద్ కరీముల్లా షా ఖాద్రీ అనే సూఫీ మహనీయుని పేరని రెండవ మాట. ఏది నిజమైనా అరబ్బీ 'కరీం', సంస్కృత 'నగరం' కలిసి ఒక్క మాటగా నిలిచినవి. హైదరాబాదులో మలిక్ పేరుకు మన 'పేట' చేరి మలక్‌పేట అయినట్లే యిదీను. ఎలగందల పేరు ఇంకా పాతది. బహుధాన్యపురమని పూర్వనామం చెబుతారు. వెలిగందల అనీ వ్యవహారం గలదు. పోతన శిష్యుడు, భాగవత ఏకాదశ ద్వాదశ స్కంధాలను పూరించిన కవి వెలిగందల నారయ. ఆయన యింటిపేరు చూచి మన ఊరివాడేనని సంబరపడేవారు కలరు. సంబరం మంచిదే గాని, ఆ పేరుగల ఊరు వేరొకచోట కూడ ఉన్నది. ఇంటిపేరు ఒక్కటే సాక్ష్యానికి చాలదు.

ఇక్కడినుండి కామారెడ్డి దారిలో బస్సు ఎక్కవలె. మానేటి గట్టున, తాటివనాల నడుమ కొండ కన్పిస్తుంది. 2016లో జిల్లాలు విభజించిన పిమ్మట యీ గ్రామం కొత్తపల్లి మండలంలో ఉన్నది.

కోటను సమీపించగానే తొందరపడి పైకి ఎక్కరాదు. మొదట కందకం చూడవలె. 'కందకం' అచ్చమైన తెలుగు మాటవలె వినిపిస్తుంది. అది అరబ్బీ 'ఖందఖ్'; ఆ అరబ్బీ మాటకు మూలం ప్రాచీన పారసీకం. అగడ్త అన్నది మన మాట. బురుజు అరబ్బీ, దర్వాజా ఫారసీ, గుమ్మటం ఫారసీ 'గుంబద్', గోడకు పూసే గచ్చు ఫారసీ 'గచ్'. మన తెలంగాణపు ఇల్లాలు సంక్రాంతినాడు దర్వాజకు మామిడాకులు కడుతుంది. ఏ మాట ఏ భాషదని ఆమె విచారించదు. జ్ఞానపీఠ పురస్కారం పొందిన సి. నారాయణరెడ్డిగారు మన జిల్లా హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, తెలుగులో గజళ్లు వ్రాశారు. ఉర్దూ, తెలుగు విభాగాలు ఒకే కప్పు క్రింద నడిచే మన కళాశాలకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

కందకం దాటి ద్వారం చేరిన తర్వాత దారి తిన్నగా పోతున్నదా, వంపు తిరుగుతున్నదా గమనించండి. కోటలలో ద్వారపు దారి సాధారణంగా మలుపు తిరుగుతుంది. తిన్నని దారి అయితే ఏనుగు పరుగెత్తి వచ్చి తలుపును ఢీకొంటుంది. మలుపు ఉన్నచో ఆ వేగం చిక్కదు. ఆ మలుపులో చిక్కిన శత్రువుమీద పైనుండి రాళ్లు, మరిగే నూనె క్రుమ్మరించవచ్చును. తర్వాత గోడ చూడండి. పెద్దపెద్ద రాళ్లు చెక్కి, సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చిన వరుస ఎక్కడ ఉన్నది? చిన్న రాళ్లను సున్నంతో కూర్చిన వరుస ఎక్కడ మొదలయింది? సాధారణంగా మొదటిది పాత పని, రెండవది తర్వాతి పని. ఓరుగల్లు రాతికోట బురుజులు చదరమైనవి. ఫిరంగులు వచ్చిన పిదప, మూలలు గుండ్ల దెబ్బకు త్వరగా పగులుతున్నవి గనుక, గుండ్రని బురుజులు ఎక్కువైనవి. గుండ్రని బురుజు కన్పించినచోట "ఇది ఫిరంగులెరిగినవాని పని" అని పుస్తకంలో వ్రాసుకోండి. చూచినవారు పక్కా రుజువుతో ఖండించే దాకా ఆ మాట నిలుస్తుంది.

కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు - ఇందరి చేతులు మారిన కోట యిది. ఎవరూ కోటను పూర్తిగా పడగొట్టి మళ్లీ కట్టలేదు. ఉన్నదానిమీద కట్టుకొంటూ పోయారు. అందువల్లనే కొండమీద నరసింహస్వామి, నీలకంఠస్వామి ఆలయాలూ, మూడు మినార్ల మసీదూ ఒకే ప్రాకారంలో ఉన్నవి. ఇక్కడికి వచ్చిన విద్యార్థులలో ఒక విచిత్రం కన్పిస్తుంది. ఉర్దూ విభాగంవారు మసీదు దగ్గర ఆగి గుడివైపు పోరు. తెలుగు విభాగంవారు గుడి చూచి మసీదును దూరాన్నుంచే పలకరించి దిగుతారు. ఎవరూ ఎవరినీ వద్దనలేదు. అది మాది, ఇది మీది అని మనసులో ఒక గీత గీసుకొన్నారు, అంతే. ఆ గీత కోట కట్టినవారికి లేదు. మసీదు గచ్చును కలిపిన కూలీ, గుడి మెట్లను చెక్కిన వడ్డెవాడు ఏ భాష మాట్లాడారో, ఏ పండుగ చేసుకొన్నారో గోడమీద వ్రాసి లేదు. సగం కోటను చూచి వచ్చినవాడు చరిత్రలో సగమే చదివినాడు. ఆ సగం కూడ తప్పుగా అర్థమయ్యే ప్రమాదమున్నది. పాత కట్టడాన్ని చూపించి ఒకరినొకరు దెప్పుకొనే వ్యాఖ్యానాలు ఈనాడు ఎక్కువైనవి. అటువంటి మాట ఎవరైనా తెస్తే "ఏ రాయి చూచి అంటున్నారు?" అని అడిగే శక్తి మన విద్యార్థికి ఉండవలె.

చెప్పుడు మాటలకు యీ కోటలో కరవు లేదు. ఇక్కడినుండి మానకొండూరు దాకా సొరంగమున్నదని ఊరివారు చెబుతారు. పటం తీసి చూడండి: మానకొండూరు కరీంనగరుకు ఆవలి దిక్కున, మానేటికి అవతలి గట్టున ఉన్నది. సొరంగం ఏటి అడుగునుండి పోవలె! కోటలలో రహస్యమార్గాలు ఉండేవన్నది నిజం. ప్రతి రహస్యమార్గమూ పక్క ఊరి దాకా పోయేదన్నది కథ. జగిత్యాల కోటను గూర్చి కూడ అట్లే జాక్, టాల్ అనే యిద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టినందున ఆ పేరు వచ్చినదంటారు. ఊరి పేరును రెండు ముక్కలు చేసి యిద్దరు దొరలను పుట్టించిన కథగానే నాకది తోస్తుంది. ఆ కోట 1747లో కట్టినదని చెప్తారు. ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదు చేరినది 1751లో. ఎవరో ఫ్రెంచివారు అంతకుముందు వచ్చి ఉండరని కాదు. కాని కథనూ తేదీనీ పక్కపక్కన పెట్టి చూడటం అలవరచుకోవలె.

కోటకు తూర్పున ఉన్న రెండు మినార్ల కట్టడం - 'దోమినార్' - ఎలగందల కీర్తికి ముఖ్యకారణం. జఫరుద్దౌలా దీనిని 1754లో కట్టించినట్లు ప్రసిద్ధి. నిర్మలు, జగిత్యాల కోటలతోనూ ముడిపడిన పేరు ఆయనది. అది సలాబత్‌జంగు పాలనాకాలం. మినారు అరబ్బీ మాట. వెలుగునిచ్చే తావు అని మూలార్థం. పైకెక్కి బలంగా ఊపితే యీ మినార్లు కదులుతవని ప్రతీతి. ఇరానులోని ఇస్ఫహానులోనూ, అహమ్మదాబాదులోని సీదీ బషీర్ మసీదులోనూ ఇటువంటివి గలవు. ఒక మినారును ఊపితే రెండవది కూడ కదలటం అక్కడి వింత. ఇందులో మంత్రం లేదు, మహిమ లేదు. సన్నగా, ఎత్తుగా ఉన్న ప్రతి కట్టడానికీ తనదైన ఊగే లయ ఒకటి ఉంటుంది. ఉయ్యాలను సరియైన సమయంలో మెల్లగా త్రోసినా ఊపు పెరిగినట్లు, ఆ లయకు అనుగుణంగా త్రోస్తే మినారు కదులుతుంది. ఇద్దరి కాళ్ల క్రింది పునాది ఒకటే గనుక ఆ కదలిక రెండవదానికి చేరుతుంది. సున్నపు గచ్చు సిమెంటువలె బిరుసు కాదు. కొద్ది కదలికను ఓర్చుకొంటుంది.

ఓర్చుకొంటుందంటే ఎల్లకాలం ఓర్చుకొంటుందని అర్థం కాదు. ప్రతి ఊపుకూ గచ్చులో సన్నని పగులు పడుతుంది; పగులులో వాననీరు చేరుతుంది; నీటివెంట రావి విత్తనం చేరుతుంది. అహమ్మదాబాదులో నేడు ఎవరినీ ఎక్కి ఊపనివ్వరు. ఇక్కడ ఒక్క విద్యార్థి సరదాకు ఊపినది 270 ఏండ్ల కట్టడాన్ని. పగులును సిమెంటుతో పూడ్చటం మరొక అపకారం. సిమెంటు తేమను బయటకు పోనివ్వదు. లోపలి సున్నం ఉబ్బి పెచ్చులుగా రాలుతుంది. గుప్తనిధుల ఆశతో గుడి గర్భంలోనూ, గోరీల పక్కనా గుంతలు త్రవ్వేవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పనిలో మాత్రం వారికి మతభేదం లేదు.

కళాశాల కమిటీవారికి నా మనవి ఒక్కటి. ఏటా శీతకాలంలో ఒకనాడు ద్వితీయ సంవత్సరపు విద్యార్థులను యీ దారిన నడిపించవలె. వినోదయాత్రగా కాదు, మార్కులుగల అభ్యాసంగా. ఇద్దరిద్దరిని జతచేయవలె: ఒకరు ఉర్దూ విభాగం, ఒకరు తెలుగు విభాగం. శిలమీద ఫారసీ లిపి కన్పిస్తే మొదటివారు చదవవలె, తెలుగు లిపి కన్పిస్తే రెండవవారు చదవవలె. ఊరి పెద్దలు చెప్పిన కథలను ఇద్దరూ తమతమ భాషలలో వ్రాయవలె. ఖర్చు బస్సుచార్జీలు, మంచినీళ్లు, ఒక కొలతటేపు మాత్రమే. నోటుపుస్తకాలను మరుసటి సంవత్సరపువారి కొరకు గ్రంథాలయంలో ఉంచవలె. మొదటి సంవత్సరం చేయదగిన పని నేనే సూచిస్తాను: కోట మొదటి ద్వారంలో క్రిందినుండి పైకి ఎన్ని వరుసల రాయి ఉన్నదో లెక్కించి, ప్రతి వరుస ఎత్తునూ అంగుళాలలో వ్రాసుకొని, ఏ వరుస దగ్గర సున్నం మొదలయిందో గుర్తుపెట్టటం. దానికి ఉదయం రెండు గంటలు చాలును. ఎండ ముదరక ముందే దోమినార్ చూచి, క్రిందినుండి మాత్రమే చూచి, మధ్యాహ్నపు బస్సుకు తిరిగి రావచ్చును.