హాస్యరసమునందు ప్రకృతిభేదము - మూకచిత్రములు

భరతముని హాస్యమును ఆరు విధములుగా విభజించెను. స్మితహసితములు ఉత్తమప్రకృతికి, విహసితోపహసితములు మధ్యమునకు, అపహసితాతిహసితములు అధమునకు చెందును. ఈ రసము స్త్రీనీచప్రకృతులయందు అధికముగా కానవచ్చునని కూడ ఆయన చెప్పెను. దీనినిబట్టి అధముడనగా పేదవాడని అర్థము చెప్పువారు కలరు. అది సరికాదు. ప్రకృతివిచారమున అధమలక్షణములుగా పరుషవాక్కు, దుశ్శీలము మొదలగునవి చెప్పబడినవి గాని దారిద్ర్యము చెప్పబడలేదు. భాషావిధానమున మాత్రము మునికి జాతివృత్తుల లెక్క ఉన్నమాట కాదనరానిది.

లక్ష్యమును చూతము. మృచ్ఛకటికమునందలి శకారుడు రాజశ్యాలుడు. ధనాధికారములు రెండును కలవు. ఐనను ఆ ప్రకరణమున అందరికంటె నవ్వులపాలగువాడు వాడే. 'స'కారమును 'శ'కారముగా పలుకు వాని నాలుకయే వానిని పట్టియిచ్చును. చారుదత్తుడు దరిద్రుడు, ఆ దారిద్ర్యము కరుణకే గాని పరిహాసమునకు విభావము కాలేదు.

సంస్కృతనాటకమున తారతమ్యమును తెలుపు ముఖ్యసాధనము భాష. మూకచిత్రమునకు, నడుమ వచ్చు అక్షరఫలకములు తప్ప, వాచికము లేదు. భారమంతయు ఆంగికాహార్యములపై పడెను. చార్లీ చాప్లిన్ ధరించిన దేశదిమ్మరి వేషమున బిగుతు కోటు, వదులు లాగు, పెద్ద బూట్లు భరతుడు చెప్పిన వికృతవేషమే. గుండ్రని టోపీ, చేతికఱ్ఱ మాత్రము పెద్దమనుష్యులవి. ఒకే దేహముపై రెండు అంతస్తులు!

1921 నాటి 'ది ఐడిల్ క్లాస్' చిత్రమున ఆయనయే ధనికుడైన భర్త, ఆయనయే దిమ్మరి. భార్య జాబు చదివి ధనికుడు మనకు వీపు త్రిప్పును. భుజములు కంపించుచుండును, ఏడ్చుచున్నాడనుకొందుము. ఇటు తిరిగినప్పుడు తెలియును, వాడు మద్యము కలుపు పాత్రను ఊపుచున్నాడని. అనౌచిత్యముచే రసము ఆభాసమై హాస్యమునకు హేతువగునన్న అభినవగుప్తుని మాటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు. 1931 నాటి 'సిటీ లైట్స్'లో లక్షాధికారి మత్తులో దిమ్మరిని కౌగిలించుకొనును, మత్తు వదలగనే ఎరుగనట్లు గెంటించును. ఆ చిత్రాంతమున దిమ్మరి పెదవిపై నిలుచునది స్మితము. శాస్త్రము ఉత్తమునకిచ్చిన నవ్వది.

శకారుని వంశము తెలుగు తెరకును వచ్చినది. కడప జిల్లాలో జన్మించిన బి. నాగిరెడ్డి చక్రపాణితో కలసి నిర్మింపగా, కె.వి. రెడ్డి దర్శకత్వమున 1951లో వెలువడిన 'పాతాళభైరవి'లో రేలంగి ధరించిన శూరసేనుడు రాణిగారి తమ్ముడు. నవ్వు అతనిపైననే గాని తోటమాలి కొడుకైన రామునిపై కాదు. అందే మాంత్రికుని శిష్యుడు సదాజపునిగా నటించిన పద్మనాభము పులివెందుల ప్రాంతపు సింహాద్రిపురమువాడు. గురుశిష్యుల హెచ్చుతగ్గులను నవ్వుగా మలచు ఈ మార్గము, కూటికొరకు శిష్యుడైన భగవదజ్జుకీయమందలి శాండిల్యుని నాటిది.