పురుగుమందు దేహములో చేయు పని - విరుగుడు ప్రాణము నిలుపు విధము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల రైతులకు టమోటా చేతికి రొక్కము తెచ్చు పంట. తెల్లదోమ, కాయతొలుచు పురుగు మొదలగువాని బెడదవలన ఈ పైరుపై మందు చల్లుట తరచు అవసరమగుచున్నది. ఎంత నీటికి ఎంత మందు కలుపవలెనో చాలమంది రైతులకు తెలియును. కాని ఆ మందు పురుగును ఎట్లు చంపునో, అదే మందు మనిషి దేహములో చేరిన ఏమగునో, అప్పుడు వైద్యుడు వేయు సూదిమందు ఎట్లు కాపాడునో తెలిసినవారు తక్కువ. ఈ సంగతి తెలిసినవారు ఆపద వచ్చినపుడు నాటువైద్యముతో కాలము పోగొట్టరు. కావున దీనిని ప్రతి రైతు, ప్రతి గ్రామాధికారి తెలిసికొనవలెను.

బీగము, బీగముచెవి

ఇంటి బీగమునకు దాని చెవియే సరిపోవును గదా! మన దేహములోని కణములపై గూడ ఇట్టి బీగములు కలవు. వీనికి గ్రాహకములని పేరు. మందు గాని విషము గాని రక్తములో కలిసి ఒడలంతయు తిరుగును. కాని చాల మందులు తమకు సరిపడు బీగములున్న చోటనే పని చేయును.

1905లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ అను శాస్త్రజ్ఞుడు పొగాకులోని నికోటిన్‌తో కోడి కండరములపై పరీక్షలు జరిపెను. నికోటిన్ తగిలిన కండరము బిగుసుకొనెను. క్యూరారే అను మరియొక విషము ఆ బిగింపును అడ్డగించెను. కండరములో ఇట్టి మందులను అందుకొను పదార్థమొకటి ఉండవలెనని ఆయన నిర్ణయించెను. దీనినిబట్టి చెవులు రెండు రకములని గ్రహింపవచ్చును. ఒకటి బీగములో దూరి తిరుగును. రెండవది దూరి కూర్చుండును గాని తిరుగదు. అసలు చెవిని మాత్రము లోనికి రానీయదు. మన విరుగుడు మందు ఈ రెండవ రకమునకు చెందినది.

నరములు కబురు పంపు విధము

చేయి కదలవలెనన్నను, నోట ఉమ్మి ఊరవలెనన్నను నరము కబురు పంపవలెను. అప్పుడు నరము చివరనుండి అసిటైల్‌కోలిన్ అను పదార్థము వెలువడి, ఎదుటనున్న బీగములను తిప్పును. పని జరిగిన వెంటనే ఈ చెవిని విరిచివేయుటకు కోలినెస్టరేస్ అను పనివాడు అచటనే సిద్ధముగా నుండును. అందుచేతనే బిగిసిన కండరము మరల వదులగుచున్నది.

ఈ చెవికి సరిపడు బీగములు రెండు తెగలు. మొదటి తెగ కన్ను, గుండె, పేగులు, ఊపిరి గొట్టములు, ఉమ్మి చెమట పుట్టించు గ్రంథులలో నున్నది. రెండవ తెగ చేతులు, కాళ్లు, రొమ్ము కండరములలో నున్నది. ఈ భేదమును గుర్తుంచుకొనుడు.

విషము చేయు పని

ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ వంటివి భాస్వర సంబంధమైన మందులు. ఇవి బీగముల జోలికి పోక, చెవులను విరుచు పనివానినే కట్టివేయును. చెవులు పేరుకొనును, బీగములు తిరుగుచునే యుండును. పురుగు వణకి, చచ్చుబడి చచ్చును. మనిషి నరములలోను, పశువు నరములలోను ఇట్టి పనివాడే యున్నందున విషము మనను విడువదు. నోటిద్వారానే గాక చర్మముద్వారాను, ఊపిరిద్వారాను లోనికి పోవును.

అప్పుడు కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. చొంగ, కన్నీరు, చెమట కారును. వాంతులు, విరేచనములు కలుగును. ఊపిరి గొట్టములు నీరుపట్టి గురగుర లాడును. కండరములు అదరి, పిదప నీరసించును. తుదకు ఊపిరి తీయు కండరములే పని మానును.

విరుగుడు పనిచేయు విధము

వైద్యులు వేయు అట్రోపిన్ మొదటి తెగ బీగములలో కూర్చుండి, పేరుకొనిన చెవులను లోనికి రానీయదు. రొమ్ములోని నీరు ఆరి ఊపిరి ఆడును. గురగుర తగ్గువరకు దీనిని మరల మరల వేయవలసి యుండును. నోరెండుట, గుండె వేగముగా కొట్టుకొనుట చూచి బంధువులు కంగారుపడి సూది ఆపుమనరాదు.

అయితే అట్రోపిన్ కండరములలోని రెండవ తెగ బీగములకు సరిపడదు. కావున చొంగ ఆరినంత మాత్రమున రోగి గట్టెక్కినట్లు కాదు. ఒకటి మొదలు నాలుగు దినములలోపల మెడ, రొమ్ము కండరములు నీరసించి ఊపిరి ఆగు ప్రమాదము కలదు. అప్పుడు కృత్రిమ శ్వాస యంత్రమే శరణ్యము. “తేరుకొనినాడు, ఇంటికి తీసికొనిపోదము” అని తొందరపడువారు ఈ మాట మరువరాదు. కట్టుబడిన పనివానిని విడిపించుటకు ప్రాలిడాక్సిమ్ అను మందు కలదు. దానిని కొన్ని సందర్భములలో వైద్యులు వాడుదురు. కాలము గడచినకొలది కట్టు బిగిసి, ఆ మందుకు లొంగదు. ఆలస్యము కూడదనుటకు ఇదియొక కారణము.

ఆపదలో చేయవలసినది

1. రోగిని మందు చల్లిన చోటినుండి గాలి తగులు చోటికి చేర్చవలెను. తడిసిన బట్టలు విప్పి, ఒడలు, తల సబ్బునీటితో కడుగవలెను. కడుగువారు రబ్బరు చేతితొడుగులు వేసికొనవలెను.

2. స్పృహ తప్పిన పక్కకు ఒత్తిగిల పరుండబెట్టవలెను.

3. ఉప్పునీరు, చింతపండు రసము, పాలు పోయరాదు. వాంతి చేయింపరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ఉమ్మెత్తలో అట్రోపిన్ కలదని విని దాని రసము పోయుట మరియొక విషము పోయుటయే యగును. అందు ఎంత మోతాదు కలదో చెప్పుట కుదరదు.

4. వెంటనే 108కు కబురుచేసి, మందు డబ్బాను, దానితో వచ్చిన కరపత్రమును రోగితో పంపవలెను. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు నేరుగా పురుగు బీగములలోనే దూరును. మన బీగముల ఆకారము కొంత వేరగుటచే అవి మనకు అంత గట్టిగా పట్టవు. అయినను మింగిన ప్రమాదమే. విషమునుబట్టి వైద్యము మారును. పేరు తెలిసిననే వైద్యునికి దారి తెలియును.

ముందు జాగ్రత్త

1968 నాటి పురుగుమందుల చట్టమును అనుసరించి 1971లో చేసిన నియమముల ప్రకారము డబ్బాపై ముక్కోణపు రంగు ఉండును. ఎరుపు మిక్కిలి తీవ్రవిషము, పసుపు తీవ్రవిషము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ స్వల్పము. నీరు కలుపని మందు కొలుచునపుడే అపాయము హెచ్చు. అప్పుడు తప్పక చేతితొడుగులు ధరింపవలెను. గాలికి ఎదురుగా చల్లరాదు. మూసుకొనిన నాజిల్‌ను నోటితో ఊదరాదు. చేతులు కడుగక బీడీ గాని అన్నము గాని ముట్టరాదు.

ఖాళీ డబ్బాలను ఇంటి వాడుకకు ఉంచుకొనరాదు. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో మోనోక్రోటోఫాస్ కలిసిన మధ్యాహ్న భోజనము తిని 23 మంది బడిపిల్లలు మరణించిరి. ఆహారము దగ్గర విషము, విషపు డబ్బా ఉండరాదనుటకు ఇంతకు మించిన హెచ్చరిక లేదు.

పశువుల విషయమునను ఇంతే జాగ్రత్త వలయును. మన పుంగనూరు ఆవు పొట్టి జాతి. దాని చిన్న దేహమునకు కొద్దిపాటి విషమే చాలును. మందు కలిపిన బకెట్టులో కుడితి పోయరాదు. మందు చల్లిన గట్లపై గడువు తీరక మేపరాదు. పశువు చొంగ కార్చి వణకిన వెంటనే పశువైద్యుని పిలువవలెను. ఆయన వాడు విరుగుడును అట్రోపిన్నే.

గ్రామాధికారులు ఈ సంగతులను రచ్చబండవద్ద, మందు చల్లు కూలీలు కూడినచోట చదివి వినిపింపవలెను. పైరు ఒక కారు పోయిన మరుకారు వచ్చును. పోయిన ప్రాణము రాదు.